మూతపడ్డ ప్రభుత్వాన్ని చూసొచ్చాను

వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్ భవనంలో అమెరికా రాజ్యాంగం అసలు ప్రతి ఉంటుంది. 1787లో చేత్తో రాసిన నాలుగు పెద్ద తోలు పత్రాలు. 2019 జనవరిలో నేను వెళ్లేసరికి ఆ భవనం కంచు తలుపులు మూసి ఉన్నాయి. నిధులు లేక మూసేశామని ఒక నోటీసు అంటించి ఉంది. అక్కడికి దగ్గర్లోనే ఉన్న స్మిత్‌సోనియన్ మ్యూజియాలదీ అదే పరిస్థితి.

మా తమ్ముడు ముందే చెప్పాడు. "అన్నయ్యా, ఇక్కడ షట్‌డౌన్ నడుస్తోంది, నువ్వు వచ్చినా చూడ్డానికి ఏమీ ఉండదు, ప్రయాణం వేసవికి మార్చుకో" అన్నాడు. టికెట్ డబ్బులు వెనక్కి రావు కాబట్టి వచ్చేశాను. రావడమే మంచిదైంది. అన్నీ సజావుగా నడిచే రోజుల్లో వెళ్లుంటే చట్టసభ భవనమైన కాపిటల్ గుమ్మటం కింద నాలుగు ఫొటోలు దిగి తిరిగొచ్చేవాణ్ణి. ఎక్కడో ఇరుక్కుపోయి ఆగింది కాబట్టే ఆ యంత్రం లోపల ఏముందో చూడాలనిపించింది.

కథ 2018 డిసెంబర్ 22న మొదలైంది. మెక్సికో సరిహద్దులో గోడ కట్టడానికి 570 కోట్ల డాలర్లు కావాలని ప్రెసిడెంట్ ట్రంప్ పట్టుబట్టారు. ప్రతిపక్ష డెమోక్రాట్లు ససేమిరా అన్నారు. దాంతో ఆఫీసులకు నిధులిచ్చే బిల్లు ఆగిపోయింది. ఇక్కడ ఖజానా ఒక్కరి చేతిలో ఉండదు. మూడు తాళాల బీరువా అనుకోండి. 435 మంది ఉండే ప్రతినిధుల సభ దగ్గర ఒక తాళం చెవి, వంద మంది ఉండే సెనేట్ దగ్గర ఇంకొకటి, ప్రెసిడెంట్ దగ్గర మూడోది. మామూలుగా ముగ్గురూ కలిసి తిప్పితేనే తెరుచుకుంటుంది. విచిత్రమేమిటంటే, తగాదా మొదలైనప్పుడు రెండు సభల్లోనూ మెజారిటీ ట్రంప్ పార్టీ అయిన రిపబ్లికన్లదే. అయినా పని జరగలేదు. ఎందుకో సెనేట్ గ్యాలరీలో కూర్చుంటే గానీ నాకు అర్థం కాలేదు.

డబ్బు మంజూరు కాకపోతే ఆఫీసులకు తాళాలెందుకు వేయాలి? చట్టసభ ఆమోదం లేకుండా ఖజానా నుంచి పైసా తీయకూడదని రాజ్యాంగంలో ఒక వాక్యం ఉంది. మంజూరు కాని డబ్బుతో ఖర్చులకు ఒప్పుకోకూడదని 1884 నాటి చట్టం ఒకటి ఉంది. అయినా చాలాకాలం నిధులకు ఖాళీ వచ్చినప్పుడు ఏదోలా నెట్టుకొచ్చేవారు. 1980లో అప్పటి అటార్నీ జనరల్ బెంజమిన్ సివిలెట్టి, చట్టం చెప్పేదాని ప్రకారం నిధులు లేకపోతే పని ఆపాల్సిందేనని అభిప్రాయం ఇచ్చారు. ఈ మూతల సంప్రదాయం అసలు అక్కడ మొదలైంది. ఒక న్యాయ సలహా ఇంత దూరం తెచ్చిందంటే నాకు మొదట నమ్మబుద్ధి కాలేదు.

తమ్ముడు ఉండేది వాషింగ్టన్ పక్క రాష్ట్రం వర్జీనియాలో. అక్కడ మాత్రం ఏ తేడా కనిపించలేదు. స్కూల్ బస్సులు వస్తున్నాయి, పోలీసులు తిరుగుతున్నారు, మెట్రో నడుస్తోంది. ఇవన్నీ రాష్ట్రానివో, మన జిల్లాలాంటి కౌంటీవో, స్థానిక సంస్థలవో. అమెరికావాడి రోజువారీ బతుకులో వాషింగ్టన్ పాత్ర మనం అనుకునేదానికంటే చాలా తక్కువ. నగరం నడిబొడ్డున ఉన్న పచ్చిక మైదానం నేషనల్ మాల్‌లో చెత్త డబ్బాలు పొంగిపోతుంటే, అది కేంద్రం జాగా అయినా నగరపాలక సిబ్బందే వచ్చి ఎత్తుకెళ్లారు.

దెబ్బ తగిలింది సుమారు 8 లక్షల మంది కేంద్ర ఉద్యోగులకు. సగం మందికి దగ్గరగా ఇంట్లో కూర్చున్నారు. మిగతావాళ్లవి తప్పనిసరి సేవలు కాబట్టి జీతం లేకుండానే డ్యూటీ చేశారు. తమ్ముడి పక్కింటావిడ వాళ్లలో ఒకరు. జనవరి 11న రావాల్సిన జీతం తాలూకు పే స్లిప్ ఫోన్లో చూపించింది. పన్నుల వరుసలూ కోతల వరుసలూ అన్నీ మామూలుగానే ఉన్నాయి, కింద చేతికొచ్చేది మాత్రం 0.00. "తర్వాత ఇస్తారు, అది నాకు తెలుసు. ఇంటి లోన్ బ్యాంకుకు కూడా తెలియాలి కదా" అని నవ్వింది.

పెన్సిల్వేనియా అవెన్యూలో ఇంకో దృశ్యం చూశాను. తుపానులు, భూకంపాలు వచ్చినచోట వంటలు చేసి పెట్టే హోసే ఆండ్రెస్ అనే షెఫ్, తన సంస్థ తరఫున అక్కడ వంటశాల తెరిచారు. మెడలో ప్రభుత్వ ఐడీ కార్డు ఉంటే భోజనం ఉచితం. మంచి కోట్లు వేసుకున్నవాళ్లు చలిలో బుద్ధిగా లైన్లో నిలబడి ఉన్నారు. ప్రపంచంలోకెల్లా ధనిక ప్రభుత్వానికి పనిచేసేవాళ్లు అన్నం కోసం క్యూ కట్టడం చూస్తే నాకు మాత్రం ఏదోలా అనిపించింది.

చట్టసభలకు నిధులు ముందే మంజూరయ్యాయి కాబట్టి కాపిటల్ భవనం తెరిచే ఉంది. దేశమంతా ఆఫీసులు మూయించినవాళ్ల ఆఫీసులు మాత్రం నడుస్తున్నాయన్నమాట! వర్జీనియాలోని రెస్టన్‌లో సిల్వర్ లైన్ మెట్రో ఎక్కి కాపిటల్ సౌత్‌లో దిగాను. విదేశీయులు పాస్‌పోర్ట్ చూపిస్తే సెనేట్ గ్యాలరీకి పాస్ ఇస్తారు. ఫోన్, బ్యాగు అన్నీ బయటే అప్పజెప్పాలి. లోపల పెన్ను తీసి రాసుకోవడం కూడా నిషేధం.

నేను వెళ్లింది జనవరి 24, గురువారం. ఆ మధ్యాహ్నమే రెండు బిల్లుల మీద ఓటింగ్. ఒకటి గోడకు డబ్బులిచ్చే ట్రంప్ ప్రతిపాదన, రెండోది గోడ సంగతి పక్కన పెట్టి ముందు ఆఫీసులు తెరుద్దామన్న డెమోక్రాట్లది. సెనేట్ హాలు నేను ఊహించినదానికన్నా చిన్నది. వంద చెక్క డెస్కులు అర్ధచంద్రాకారంలో ఉన్నాయి. వేదిక మెట్ల మీద పదహారు పదిహేడేళ్ల పిల్లలు నీలం సూట్లేసుకుని కూర్చున్నారు, సభ్యులకు మంచినీళ్లూ కాగితాలూ అందించడానికి.

ఓటింగ్‌కు మీటలేవీ లేవు. క్లర్క్ ఒక్కో పేరూ పిలుస్తుంది. సభ్యులు కబుర్లాడుకుంటూ నింపాదిగా వస్తారు, బల్ల దగ్గరికి వెళ్లి బొటనవేలు పైకో కిందికో చూపిస్తారు. ఆవిడ పేరు చదివి రాసుకుంటుంది. కొందరైతే చిటికెన వేలంత కూడా కదలకుండా తలే ఊపారు. 8 లక్షల జీతాల సంగతి అలా వేళ్ల మీద తేలిపోతుంటే చూస్తున్నాను. మొదటి బిల్లుకు అనుకూలం 50, వ్యతిరేకం 47. గెలిచింది అనుకున్నాను. ఓడిపోయిందని ప్రకటించారు. రెండోదానికి 52, 44. అదీ ఓడింది.

సెనేట్‌లో చర్చ ముగించి బిల్లును ముందుకు తీసుకెళ్లాలంటే 60 మంది కావాలి. ఈ అరవై రాజ్యాంగంలో లేదు, సభ తనకు తాను పెట్టుకున్న నియమం. 1917లో మూడింట రెండు వంతులు అన్నారు, 1975లో 60కి తగ్గించారు. సాధారణ మెజారిటీ ఉన్న పార్టీ కూడా ఎదుటి పక్షాన్ని కాస్తయినా కలుపుకోవాలని దీని ఉద్దేశం. ట్రంప్ పార్టీకి అప్పుడు సెనేట్‌లో ఉన్నది 53. పైగా 2018 నవంబర్ ఎన్నికల్లో ప్రతినిధుల సభ డెమోక్రాట్ల చేతికి వెళ్లి, జనవరి 3న నాన్సీ పెలోసీ స్పీకరయ్యారు.

గ్యాలరీలో కూర్చున్నంతసేపూ నాకు 1999 ఏప్రిల్ 17 గుర్తొస్తూనే ఉంది. లోక్‌సభలో మన కోనసీమ బాలయోగి గారు స్పీకర్ కుర్చీలో ఉండగా 269–270తో, ఒక్క ఓటు తేడాతో వాజ్‌పేయి ప్రభుత్వం పడిపోయింది. మన దగ్గర సభ నమ్మకం పోతే మంత్రివర్గం ఇంటికి, ఆఫీసులు మాత్రం యథావిధిగా నడుస్తాయి. ఇక్కడ పూర్తిగా తిరగేసి ఉంది. ఆఫీసులకు తాళాలు పడతాయి, ప్రెసిడెంట్ కుర్చీ మాత్రం కదలదు. ఆయనకు నాలుగేళ్లు, ప్రతినిధులకు రెండేళ్లు, సెనేటర్లకు ఆరేళ్లు, ఎవరి గడువు వారిది. ఎవరూ ఎవర్నీ మధ్యలో ఎన్నికలకు లాగలేరు. అందుకే ఎవరూ తగ్గాల్సిన పనీ లేదు.

ఇంకో సంగతి. ఆరోజు ఆరుగురు రిపబ్లికన్లు డెమోక్రాట్ల బిల్లుకు ఓటేశారు, ఒక డెమోక్రాట్ ట్రంప్ బిల్లుకు వేశారు. ఎవరికీ ఏమీ కాలేదు. మన దగ్గరైతే విప్ ధిక్కరించినందుకు సభ్యత్వానికే ఎసరు. మన ఫిరాయింపుల చట్టం 1985 నుంచీ ఉన్నా గోడ దూకుళ్లు ఆగాయా అంటే, అది వేరే కథ.

ప్రెసిడెంట్ చట్టసభలో సభ్యుడు కాదు, ఆయన మంత్రులూ కారు. ఏటా చేసే ప్రసంగానికి కూడా పిలుపు ఉంటేనే సభకు రావాలి. షట్‌డౌన్ ముగిసేదాకా రావద్దని పెలోసీ అంటే, ఆవిడ విదేశీ పర్యటనకు సైనిక విమానం ఇవ్వనని ఆయన అన్నారు. ఈ ముచ్చట చెబుతూ తమ్ముడు, "మనవాళ్లే నయం అన్నయ్యా" అన్నాడు.

తిరుగుదారిలో ఒక కారు నంబర్ ప్లేట్ చూశాను. ప్రాతినిధ్యం లేని పన్ను ఆపండి అని దాని మీద అచ్చేసి ఉంది. అది వాషింగ్టన్ నగర ప్రభుత్వమే ఇచ్చే ప్లేటు! సుమారు 7 లక్షల జనం ఉన్న రాజధానికి సెనేటర్ లేడు. ప్రతినిధుల సభలో ఒకరున్నా బిల్లుల మీద ఓటు లేదు. ఆ వంటశాల లైన్లో నిలబడ్డ నగరవాసుల తరఫున బొటనవేలు చూపించేవాళ్లెవరూ ఆ హాల్లో లేరు.

మర్నాడు, జనవరి 25న, జీతం లేని ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లు కొందరు రాకపోవడంతో న్యూయార్క్‌లోని లగ్వార్డియా విమానాశ్రయంలో విమానాలు ఆగాయి. ఆ సాయంత్రానికే ట్రంప్ గోడ డబ్బు లేకుండానే మూడు వారాల నిధులిచ్చే బిల్లు మీద సంతకం పెట్టేశారు. 35 రోజుల మూత వల్ల ఆర్థిక వ్యవస్థకు తిరిగిరాని నష్టం 300 కోట్ల డాలర్లని చట్టసభ బడ్జెట్ కార్యాలయం తర్వాత లెక్క చెప్పింది.

నేను ఇంటికొచ్చాక కూడా ఆ వార్తలు వదల్లేదు. ఫిబ్రవరిలో చట్టసభ ఇచ్చింది 137.5 కోట్లే. ట్రంప్ జాతీయ అత్యవసర పరిస్థితి ప్రకటించి, మిగతాది వేరే పద్దుల నుంచి తీసుకుంటానన్నారు. అది చెల్లదని రెండు సభలూ తీర్మానం చేశాయి, ఆయన వీటో చేశారు. వీటోను కొట్టేయాలంటే మూడింట రెండు వంతులు కావాలి, ప్రతినిధుల సభలో 248 మందే దొరికారు. ఆ వార్త తమ్ముడికి పంపి, "ఇంతకీ గోడ కడతారా, కట్టరా?" అని అడిగాను. "ఇక కోర్టులో తేలాలి అన్నయ్యా" అని జవాబొచ్చింది.