టీబీ తగ్గాక మిగిలే దగ్గు: బ్రాంకియెక్టాసిస్‌లో రోజూ చేయాల్సిన పని

టీబీ కోర్సు 6 నెలలూ తప్పకుండా వాడారు. తెమడ పరీక్ష నెగెటివ్. అయినా ఏళ్ళు గడిచినా పొద్దున్నే లేవగానే దగ్గు, పచ్చటి కఫం. ఇంట్లోవాళ్ళు టీబీ తిరగబెట్టిందని భయపడతారు. ఎక్స్‌రేలో పాత మచ్చ చూసి ఒక్కోసారి మళ్ళీ టీబీ మందులే మొదలుపెడతారు కూడా. తెమడలో క్రిమి ఉందో లేదో తేల్చకుండా మచ్చ ఒక్కదాన్ని నమ్మి రెండోసారి కోర్సు మొదలుపెట్టడం మనిషికి చేసే అన్యాయం. ఇలాంటి దగ్గు వెనక చాలాసార్లు ఉండేది బ్రాంకియెక్టాసిస్. మన దేశంలో 31 ఆస్పత్రుల నుంచి 2,195 మంది రోగుల వివరాలు సేకరించి 2019లో ప్రచురించిన రిజిస్ట్రీలో ఈ జబ్బుకి మొదటి కారణంగా తేలింది పాత టీబీయే, 35 శాతం పైచిలుకు మందిలో. న్యుమోనియా లాంటి తీవ్రమైన ఇన్ఫెక్షన్లు దాని తర్వాత.

ఊపిరి గొట్టాలు చెట్టుకొమ్మల్లా పోనుపోను సన్నబడాలి. ఈ జబ్బులో గోడ దెబ్బతిని గొట్టం సాగిపోయి సంచిలా మిగులుతుంది. కఫాన్ని పైకి నెట్టే సన్నటి నూగు అక్కడ పాడైపోతుంది. కఫం నిలవుంటుంది, నిలవున్న కఫంలో బాక్టీరియా పెరుగుతుంది, దాంతో వచ్చే వాపు గోడను ఇంకాస్త తినేస్తుంది. మామూలు ఎక్స్‌రేలో ఇది దొరక్కపోవచ్చు. ఊపిరితిత్తుల్ని సన్నటి పొరలుగా చూపే సీటీ స్కాన్ హెచ్ఆర్‌సీటీలో మాత్రం సాగిన గొట్టం, పక్కనే చిన్న రక్తనాళం కలిసి రాయి పొదిగిన ఉంగరంలా కనిపిస్తాయి. పెద్దవాళ్ళలో అలా సాగిన గొట్టం మళ్ళీ మామూలు కాదు. కానీ కఫాన్ని నిలవుండనివ్వకపోతే జబ్బు ముదరకుండా చాలావరకు ఆపొచ్చు.

కాబట్టి వైద్యంలో మొదటి మెట్టు మాత్ర కాదు, రోజూ కఫం బయటికి తీయడం. చీటీ మీద యాంటీబయాటిక్, ఇన్‌హేలర్ రాసిస్తారు గానీ, పేషెంటును పది నిమిషాలు కూర్చోబెట్టి కఫం ఎలా తీయాలో చేసి చూపించేవాళ్ళు తక్కువ. చెస్ట్ ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపమని మీరే అడగండి.

ముందు వరస సరిగ్గా ఉండాలి. గొట్టాలను విప్పే సాల్బుటమాల్ ఇన్‌హేలర్ రాసి ఉంటే, స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టంలాంటి డబ్బా) 2 పఫ్‌లు తీసుకుని ఓ 15 నిమిషాలు ఆగాలి. తర్వాత సెలైన్ నెబ్యులైజేషన్, అంటే ఉప్పునీటి మందును మెషిన్‌తో తుంపరగా చేసి పీల్చడం. ఆ వెంటనే ఊపిరి వ్యాయామం. పీల్చే యాంటీబయాటిక్, స్టెరాయిడ్ ఇన్‌హేలర్ ఉంటే కఫం తీశాక, అన్నిటికంటే చివర. ముందే పీలిస్తే మందు గొట్టం గోడకు చేరకుండా కఫం మీద పడి, దాంతోపాటే బయటికి వచ్చేస్తుంది.

సెలైన్‌లో 0.9 శాతం మామూలుది. 3 శాతం, 7 శాతం ఉన్నవి గాఢమైనవి. వాటిలోని ఉప్పు గొట్టాల్లోకి నీరు లాగి జిగురును పలచన చేస్తుంది. సాధారణంగా ఒక్కోసారికి 4 మి.లీ. వాడతారు. గాఢ సెలైన్ మొదటి డోసు మాత్రం ఆస్పత్రిలోనే, ముందూ తర్వాతా స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి ఊపిరి బలం కొలిచే పరీక్ష) చేయించుకుని వేసుకోవాలి. కొందరికి ఛాతీ పట్టేస్తుంది, పిల్లికూతలు వస్తాయి. ఇంట్లో ఉప్పు కలిపిన నీళ్ళు నెబ్యులైజర్‌లో పోయడం ఎన్నటికీ వద్దు.

ఇక ఊపిరి వ్యాయామం. భుజాలు వదులుగా పెట్టి కూర్చుని, పొట్ట మీద చెయ్యి వేసుకుని నెమ్మదిగా అయిదారు మామూలు ఊపిర్లు. తర్వాత ముక్కుతో నిండుగా పీల్చి, 3 సెకన్లు ఆపి, బలవంతం లేకుండా వదలడం. ఇలా 3 లేక 4 సార్లు. ఆ మూడు సెకన్లలో పక్క దారుల గుండా గాలి కఫం వెనక్కి చేరుతుంది. వెనక గాలి లేకుండా ఎంత దగ్గినా కఫం కదలదు. మళ్ళీ మామూలు ఊపిర్లు. అప్పుడు హఫ్.

అన్నిటికంటే ఎక్కువమంది తప్పు చేసేది ఈ హఫ్ దగ్గరే. కళ్ళజోడు తుడవడానికి అద్దం మీద ఆవిరి ఊదుతాం చూడండి, అదే హఫ్: నోరు గుండ్రంగా తెరిచి, పొట్ట కండరాలు బిగించి, 'హా...' అని. గొంతు తెరిచే ఉండాలి. 'ఖ్' అన్న శబ్దం వచ్చిందంటే గొంతు మూసుకుంది, అది దగ్గు అయిపోయింది. బుగ్గలు ఉబ్బితే ఊదుతున్నారన్నమాట, అదీ కాదు. సగం ఊపిరి పీల్చి పొడుగ్గా వదిలే హఫ్ అడుగున ఉన్న కఫాన్ని కదుపుతుంది. నిండా పీల్చి పొట్టిగా, వేగంగా వదిలేది పైకి వచ్చిన కఫాన్ని గొంతులోకి తెస్తుంది. అప్పుడు ఒక్క దగ్గు చాలు. ఊరికే ఇరవై సార్లు దగ్గితే మెత్తబడ్డ గొట్టాలు నొక్కుకుపోయి కఫం లోపలే ఉండిపోతుంది, మనిషి మాత్రం అలిసిపోతాడు. ఒకటి రెండు హఫ్‌ల తర్వాత మళ్ళీ మామూలు ఊపిర్లకు రావాలి. వరసగా రెండు విడతలు హఫ్‌లో గరగర వినబడకపోతే ఆ పూటకు ముగించొచ్చు.

10 నుంచి 30 నిమిషాలు, రోజుకు ఒకటి రెండు సార్లు. పొద్దున టిఫినుకు ముందు చేస్తే తేలిక. అన్నం తిన్న వెంటనే చేస్తే వాంతి అవ్వొచ్చు. ఊపిరితిత్తి కింది భాగం పాడైనవాళ్ళు, పాడైన వైపు పైకి వచ్చేలా పక్కకు తిరిగి పడుకుని చేస్తే కఫం బాగా జారుతుంది. టీబీ ఎక్కువగా పాడుచేసేది పైభాగాన్ని, దానికి కూర్చోవడమే సరైన భంగిమ. పుల్లటి తేన్పులు, గుండెజబ్బు, అదుపులో లేని బీపీ, కఫంలో రక్తం ఉన్నవాళ్ళు మంచం కాళ్ళవైపు ఎత్తు పెట్టి తల కిందికి ఉండేలా పడుకోకూడదు.

నెబ్యులైజర్ కప్పు గురించి కాస్త కటువుగానే చెప్పాలి. వాడాక అలాగే సంచిలో పెట్టేస్తే, అడుగున మిగిలిన తడిలో సూడోమోనాస్ పెరగొచ్చు. ఈ జబ్బులో అందరూ భయపడే బాక్టీరియా అదే. ఒకసారి తిష్ట వేస్తే వదిలించడం కష్టం. వాడిన ప్రతిసారీ కప్పు, మౌత్‌పీస్ విడదీసి గోరువెచ్చటి నీళ్ళలో, గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడిగి, దులిపి, శుభ్రమైన గుడ్డ మీద పూర్తిగా ఆరనివ్వాలి. కంపెనీ పుస్తకంలో మరిగించవచ్చని ఉంటే రోజుకోసారి మరిగించాలి. ట్యూబు కడగకూడదు, లోపల ఆరదు. సెలైన్ కూడా చిన్న ఆంప్యూల్స్‌లో కొనుక్కోండి. పెద్ద బాటిల్‌కి సూది గుచ్చి వారం పాటు వాడుకోవడం చాలా ఇళ్ళలో జరుగుతోంది, పొదుపనుకుంటారు గానీ అది ఇన్ఫెక్షన్‌కి దారి.

కఫం ఎక్కువగా వచ్చే మనిషికి దగ్గు ఆపే సిరప్ ఇవ్వకండి. బయటికి రావాల్సింది లోపల ఆగిపోతుంది. బామ్ వేసి పట్టే ఆవిరి ముక్కుకు హాయినిస్తుంది, కింది గొట్టాలను శుభ్రం చేయదు. దోమల చక్రం, సాంబ్రాణి పొగ, కట్టెల పొయ్యి దగ్గర్నుంచి దూరంగా ఉండాలి. ఫ్లూ టీకా ఏటా, న్యుమోకాకల్ టీకా డాక్టరు చెప్పిన ప్రకారం.

దగ్గు, కఫం పరిమాణం లేక చిక్కదనం, రంగు, ఆయాసం, నీరసం, రక్తం: వీటిలో మూడు 48 గంటలకు పైగా ముదిరి ఉంటే డాక్టరును కలవాలి. యాంటీబయాటిక్ మొదటి మాత్ర మింగకముందే కల్చర్‌కి, అంటే ల్యాబులో క్రిమిని పెంచి ఏదో తేల్చే పరీక్షకి, కఫం ఇవ్వండి. పొద్దున్నే మామూలు నీళ్ళతో నోరు పుక్కిలించి, హఫ్ చేసి, లోతు నుంచి వచ్చిందే డబ్బాలో వెయ్యాలి. నురగ ఉమ్మి పనికిరాదు. రెండు గంటల్లో ల్యాబుకు చేర్చాలి. యాంటీబయాటిక్ కోర్సు సాధారణంగా 14 రోజులు ఉంటుంది. ఏడాదికి మూడుసార్లు, అంతకంటే ఎక్కువ ఇలా ముదిరేవాళ్ళకు నెలల తరబడి అజిత్రోమైసిన్ రాస్తారు. దానికి ముందు ఈసీజీ, టీబీ జాతికే చెందిన ఎన్‌టీఎం క్రిములు లేవని చూసే కల్చర్ తప్పనిసరి. ఆ క్రిములున్నచోట అజిత్రోమైసిన్ ఒక్కటే వాడితే, తర్వాత అవసరమైనప్పుడు ఆ మందు వాటి మీద పనిచేయదు.

కఫంలో చారలుగా రక్తం కనిపిస్తే గాఢ సెలైన్, వ్యాయామం ఆపి డాక్టరుకు చెప్పాలి. చెంచాల కొద్దీ పడుతుంటే ఆలస్యం వద్దు. ఏ వైపు పాడైందో తెలిస్తే ఆ పక్క కిందికి ఉండేలా పడుకోబెట్టి, రెండో ఊపిరితిత్తిలోకి రక్తం పోకుండా చూస్తూ, రక్తనాళాన్ని లోపలినుంచి మూసే ఎంబొలైజేషన్ సౌకర్యం ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. వెళ్ళేటప్పుడు పాత సీటీ ఫిల్ములు మర్చిపోకండి. ఏ వైపు చూడాలో అక్కడి డాక్టరుకు త్వరగా తెలిసేది వాటితోనే.