మడుగులో మాయమైన గేదె

గత వేసవిలో, గోదావరి వైనతేయ పాయ పక్కనున్న లంకలో మా బాబయ్య మేపుకునే గేదెల్లో ఒకదాని మెడకు అగ్గిపెట్టెంత రేడియో ట్యాగ్ కట్టి, అవి మేసే చోటు చుట్టూ 6 కొబ్బరిచెట్లకు మనిషి ఎత్తున వైర్‌లెస్ నోడ్లు, అంటే ఆ ట్యాగ్‌ను వినే చిన్న రేడియోలు, బిగించాను. ట్యాగ్ 2 సెకన్లకొకసారి తన సంఖ్యను ప్రసారం చేస్తుంది. విన్న ప్రతి నోడూ ఆ సిగ్నల్ ఎంత బలంగా అందిందో పాకలోని కంప్యూటర్‌కు చేరవేస్తుంది. కనీసం మూడు నోడ్లు వింటే, బలాన్ని దూరంగా మార్చి, మూడు వృత్తాలు కలిసేచోట గేదె ఉన్నట్టు లెక్కగట్టవచ్చు.

చిక్కంతా ఆ మార్చడంలోనే ఉంది. ఆకులు తడిసినా, గేదె తల తిప్పి తన మెడనే అడ్డం పెట్టినా బలం తగ్గిపోయి, నిలబడి నెమరువేస్తున్న పశువు తెరమీద అటూ ఇటూ గెంతుతూ కనిపించేది. సిగ్నల్ చేరే సమయాన్ని కొలుద్దామంటే, మైక్రోసెకనులో రేడియో తరంగం 300 మీటర్లు పోతుంది కనుక, నోడ్లలోని చవక గడియారాలకు అది అందే పని కాదు. అందుకే 1960లో రుడాల్ఫ్ కాల్మన్ ప్రచురించిన ఫిల్టర్‌ను, అంటే ఇప్పటిదాకా సాగిన కదలికను బట్టి తరువాతి చోటును ముందే అంచనా వేసే లెక్కను, ఆశ్రయించాను. గేదె నడక తెలిసినవాడెవడూ అది 2 సెకన్లలో 30 గజాలు దూకిందంటే నమ్మడు. ఫిల్టర్ కూడా తన అంచనాకూ కొత్త కొలతకూ తగినంత విలువ ఇచ్చి మధ్యేమార్గం తీస్తుంది.

ఆ అంచనా బ్యాటరీకీ పనికొస్తుంది. వింటున్న రేడియో సుమారు 20 మిల్లీఆంపియర్లు తాగుతుంది, నిద్రలో మైక్రోఆంపియర్లతో సరిపెట్టుకుంటుంది. 2500 మిల్లీఆంపియర్-గంటల సెల్లు నిరంతరం వింటే 5 రోజుల్లో ఖాళీ అవుతుంది. కనుక కాలువ నీటికి వంతులు వేసుకున్నట్టు, గేదె వెళ్లబోయే వైపు నోడ్లను మాత్రమే మేలుకొలిపి, అది జాడ తప్పినప్పుడే అన్నింటినీ లేపే ఏర్పాటు చేశాను.

మూడో రోజు మధ్యాహ్నం ట్యాగ్ మూగబోయింది. అన్ని నోడ్లూ మేల్కొన్నా ఎవరికీ వినిపించలేదు. నేను సెల్లు మార్చడానికి పరుగెత్తబోతుంటే, బాబయ్య చుట్ట ఆర్పుకుంటూ, "ఒరేయ్, అదెక్కడికీ పోలేదు, ఎండకి మడుగులో పడుకుంది" అన్నాడు. వెళ్లి చూస్తే కొమ్ములూ, కళ్లూ, ముక్కుపుటాలూ మాత్రమే పైన ఉన్నాయి. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం కొద్ది సెంటీమీటర్ల నీటిలోనే నీరసించిపోతుందని పరీక్షలో రాసినవాణ్ణి, మెడకు ట్యాగ్ కట్టేటప్పుడు మాత్రం గుర్తుచేసుకోలేదు.

కొమ్ముకు కడదామనుకున్నాను గానీ, చెట్లకు రాచుకుంటే ఊడిపోతుందన్నాడు బాబయ్య. ట్యాగ్‌ను మెడకే ఉంచి, మౌనాన్నే కొలతగా తీసుకున్నాను: చివరగా విన్నది మడుగు పక్కనున్న 5వ నోడ్ అయి, ఆ తరువాత ఎవరూ వినకపోతే, కంప్యూటర్ అన్ని నోడ్లనూ లేపకుండా ఆ ఒక్కదాన్నే మేల్కొలిపి ఉంచుతుంది. ఇప్పుడు తెరమీద "మడుగు" అని వస్తుంది. నాలుగున్నర ప్రాంతంలో గేదె లేచి ఒళ్లు దులుపుకోగానే, బాబయ్య పాల తపేలా వెతుక్కునే లోపే 5వ నోడ్ వింటుంది.