నాన్న వెన్ను ఆపరేషన్, ఆరోగ్యశ్రీ

బయట ఆరోగ్యశ్రీ బోర్డు ఉంటే చాలదండీ, వెన్నెముక ఆపరేషన్‌కి ఉందా అని ముందే అడగండి. ఆసుపత్రులకి ఆరోగ్యశ్రీ అనుమతి విభాగాల వారీగా ఇస్తారు కాబట్టి గుండెకి ఉన్నచోట వెన్నుకి ఉండకపోవచ్చు. నాన్నని అంత నొప్పితో ఆటోలో తీసుకెళ్తే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఇదే మాట చెప్పి పంపేశారు, ఆ కోపం ఇంకా తగ్గలేదు.

తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలు, డబ్బు సమస్య కాదు, చేసే డాక్టర్ దొరకడమే సమస్య. ఆర్థోపెడిక్ సర్జన్ దొరక్కపోతే న్యూరోసర్జన్‌ని కూడా అడగండి, వెన్ను ఆపరేషన్లు వాళ్లూ చేస్తారు. హైదరాబాద్‌లో నిమ్స్ ఉంది, రద్దీకి మాత్రం సిద్ధపడండి. రేషన్ కార్డు, ఆధార్, ఎమ్మారై రిపోర్టు పట్టుకుని నేరుగా ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్లండి, మీ ఆపరేషన్‌కి అనుమతి కోసం కాగితాలు పంపే పని అక్కడే మొదలవుతుంది.

కాళ్లు చచ్చుబడుతున్నా, మూత్రం ఆగిపోయినా మాత్రం వీటికోసం ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.