ఎముక కణాలు, డెక్సామెథసోన్, మే నెల ఏసీ

స్టెరాయిడ్ మాత్రలు నెలల తరబడి మింగితే ఎముకలు గుల్లబారతాయని గుంటూరులో మందుల షాపు కుర్రాడు కూడా చెప్తాడు. అలాంటి స్టెరాయిడే అయిన డెక్సామెథసోన్‌ని (డెక్సా) ల్యాబ్‌లో ఎముక మజ్జ మూలకణాలకి ఇస్తే అవి ఎముక కణాలుగా మారతాయి. ప్రాజెక్టుకొచ్చిన ఎమ్మెస్సీ పిల్లలు తడబడేది ఇక్కడే. ప్లేటులో అలిజరిన్ (కాల్షియం ఖనిజానికి అంటుకునే రంగు) ఎర్రగా పట్టింది కదా, స్టెరాయిడ్ ఎముకకి మంచిదేనని రాసేస్తారు.

మనిషి మజ్జ కణాలకి మామూలుగా వాడే మోతాదులివి: డెక్సా 100 నానోమోలార్, ఖనిజానికి ఫాస్ఫేట్ అందించే బీటా గ్లిసరోఫాస్ఫేట్ 10 మిల్లీమోలార్, ఆస్కార్బిక్ ఆమ్లం మిల్లీలీటరుకి 50 మైక్రోగ్రాములు. ఇందులో డెక్సా పని లేత కణాన్ని ఎముక దారి పట్టించడం. ఇప్పటికే ఆ దారిలో ముందుకెళ్లిన ఎంసీ3టీ3-ఈ1 చిట్టెలుక కణాలకి అదే మోతాదు రోజుల తరబడి ఇస్తే సాధారణంగా కథ తిరగబడుతుంది. విభజన మందగిస్తుంది, కొల్లాజెన్ తగ్గుతుంది, ఎముక ప్రోటీన్ ఆస్టియోకాల్సిన్ జన్యువు అణగిపోతుంది, ఎముక పెరగమని చెప్పే వింట్ సంకేతాన్ని అడ్డుకునే డీకేకే1 ప్రోటీన్ పెరుగుతుంది, కొన్ని కణాలు చచ్చిపోతాయి కూడా. ఏ కణం, ఏ దశ, ఎన్ని రోజులు అన్నది చెప్పని ఫలితాన్ని నేనైతే లెక్కలోకి తీసుకోను.

3.92 మిల్లీగ్రాముల డెక్సాని 1 మిల్లీలీటరు ఇథనాల్‌లో కరిగిస్తే 10 మిల్లీమోలార్ స్టాక్ (గాఢ ద్రావణం). దాన్ని ఇథనాల్‌తోనే వంద రెట్లు పలచన చేసి, మీడియం (కణాలు పెరిగే పోషక ద్రవం) మిల్లీలీటరుకి 1 మైక్రోలీటరు వేస్తే 100 నానోమోలార్ వస్తుంది. పరీక్షించే మిగతా డెక్సా మోతాదుల్ని కూడా ఇథనాల్‌లోనే వెయ్యి రెట్ల గాఢతలో విడివిడిగా చేసుకోవాలి. అప్పుడే ప్లేటులోని అన్ని బావుల్లోనూ (గుంటల్లోనూ), మందు లేని కంట్రోల్‌లోనూ ఇథనాల్ 0.1 శాతమే ఉంటుంది. స్టాక్ మూత వదులైతే ఇథనాల్ ఆవిరై గాఢత పెరిగిపోతుంది.

మీడియంలో కలిపే సీరంలో సహజంగానే స్టెరాయిడ్లుంటాయి. బొగ్గుతో శుద్ధి చేసిన సీరం వాడకపోతే మీ "సున్నా" మోతాదు సున్నా కాదు. ప్రెడ్నిసోన్ అనే మరో స్టెరాయిడ్ తెచ్చి వేసేవాళ్లూ ఉన్నారు. అది ఎంజైమ్ చేతిలో ప్రెడ్నిసోలోన్‌గా మారితేనే పనిచేస్తుంది, ఆ ఎంజైమ్ అన్ని కణాల్లో ఒకే స్థాయిలో ఉండదు. నేరుగా ప్రెడ్నిసోలోనే కొనండి. ప్రభావం స్టెరాయిడ్ గ్రాహకం ద్వారానే వచ్చిందా అని తేల్చడానికి ఆ గ్రాహకాన్ని అడ్డుకునే మిఫెప్రిస్టోన్ 1 మైక్రోమోలార్ కలిపిన బావి ఒకటి పెట్టండి.

అలిజరిన్‌ని ఒంటరిగా నమ్మొద్దు. చచ్చిన కణాల మీద కూడా ఖనిజం పేరుకుంటుంది, గ్లిసరోఫాస్ఫేట్ ఎక్కువైతే మరీ. ఎముక కణాల ఎంజైమ్ ఆల్కలైన్ ఫాస్ఫటేజ్‌ని 405 నానోమీటర్ల దగ్గర కొలిచి డీఎన్ఏతో భాగించండి. అలా చేయకపోతే కణాల సంఖ్య తగ్గడమూ, ఒక్కో కణం పనితీరు తగ్గడమూ ఒకేలా కనిపిస్తాయి.

ఇక బెజవాడ ఎండలు. కణాల్ని 37 డిగ్రీల దగ్గర పెంచే మామూలు సీఓ2 ఇంక్యుబేటర్ వేడి చేయగలదే గానీ చల్లబరచలేదు. గది దానికంటే కనీసం 5 డిగ్రీలు చల్లగా ఉండాలి. కరెంటు బిల్లు కోసం రాత్రి ఏసీ ఆపేస్తే లోపల 37 దాటుతుంది, ఆ వేడికి కణాలు దెబ్బతింటే నింద మందు మీద పడుతుంది. లోపల విడిగా ఒక థర్మామీటర్ పెట్టి, పొద్దున్నే గరిష్ఠ రీడింగ్ రాసుకోండి. ఏసీకి జనరేటర్ లైను లేకపోతే 21 రోజుల కల్చర్ మేలో మొదలుపెట్టకండి.