నా కోపానికి కొత్త పేరు

నా థైరాయిడ్ రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. థైరాయిడ్‌ని పని చేయించే హార్మోను, టీఎస్‌హెచ్, 5.8. పక్కన పైకి చూపిస్తూ చిన్న బాణం. అంకె మాత్రం మిగతావాటికంటే ముదురుగా అచ్చయింది, కనబడదేమోనని. జుట్టు ఊడటం, మధ్యాహ్నమయ్యేసరికి కళ్లు మూతలు పడటం, ఈ గొడవతోనే పరీక్ష చేయించుకున్నాను. రిపోర్టు ఆయన ఫోన్‌కి వచ్చింది. నాకంటే ముందు చదివేసి, "నేననుకుంటూనే ఉన్నా" అన్నారు.

ఏమిటండీ అనుకున్నది?

"అదే, నీ కోపం. థైరాయిడ్ వల్లనన్నమాట."

ఇంత రాత్రి కూర్చుని టైపు చేస్తున్నానంటే ఆ మాట వల్లే. తడి తువ్వాలు మంచం మీద వేసింది థైరాయిడా? పెద్దాడు గదిలో ఫ్యాను, లైటు వదిలేసి వెళ్లిపోయింది థైరాయిడా? సాయంత్రం వాణ్ణి కేకలేస్తుంటే, వాడు తండ్రి వంక చూసి ఓ నవ్వు నవ్వాడు. అమ్మకి టీఎస్‌హెచ్ పెరిగింది, ఊరుకోండి అన్నట్టు. ఈ ఇంట్లో ఇక నేను న్యాయంగా కోప్పడటం అయిపోయినట్టే. ఏ మాటన్నా దాని వెనక ఓ అంకె ఉంటుంది.

పాత రిపోర్టు తీసి కొత్తదాని పక్కన పెట్టుకున్నాను. అదింకో చిరాకు. పాతదాంట్లో ఫ్రీ టీ4, అంటే రక్తంలో విడిగా తిరిగే థైరాయిడ్ హార్మోను, 1.1. కొత్తదాంట్లో 14.2! చెమటలు పట్టేశాయి. తీరా చూస్తే పాత ల్యాబువాళ్లది డెసీలీటరుకు నానోగ్రాముల లెక్క, వీళ్లది లీటరుకు పికోమోల్స్ లెక్క. మొదటిదాన్ని 12.87తో గుణిస్తే రెండోది వస్తుంది. అంటే రెండూ ఒకటే. వాళ్ల హద్దు 0.9 నుంచి 1.7, వీళ్లది 12 నుంచి 22. రెండుసార్లూ నేను హద్దులోపలే ఉన్నాను. ఈ ముక్క రిపోర్టు కింద ఒక్క వాక్యం రాస్తే వాళ్ల సొమ్మేం పోయింది? బాణం గీయడానికి సిరా ఉంటుంది గానీ దీనికి ఉండదు. టీఎస్‌హెచ్ ఒక్కటే కాస్త నయం. మిల్లీలీటరుకు మైక్రో యూనిట్లన్నా, లీటరుకు మిల్లీ యూనిట్లన్నా అంకె మారదు.

డాక్టరమ్మ కంగారేమీ పడలేదు. టీఎస్‌హెచ్ థైరాయిడ్‌లో పుట్టదట, మెదడు కిందుండే పిట్యూటరీ గ్రంథి పంపిస్తుందట. థైరాయిడ్ మందగిస్తే పని చెయ్యమని అది ఇంకాస్త గట్టిగా పిలుస్తుంది, అందుకే అంకె పెరుగుతుంది. నేను ఆయన్ని నాలుగుసార్లు పిలిచినట్టే కదా! పలకని మనిషిని వదిలేసి, గొంతు పెంచినవాళ్ల పక్కన బాణం గీస్తారు.

టీఎస్‌హెచ్ కాస్త ఎక్కువ, ఫ్రీ టీ4 సరిగ్గానే ఉంది కాబట్టి దీన్ని సబ్‌క్లినికల్ అంటారట. పది దాటితే మాత్రల గురించి గట్టిగా ఆలోచిస్తారు. పదిలోపు అయితే వయసు, లక్షణాలు, గర్భం లాంటివన్నీ చూసి నిర్ణయిస్తారు. చాలామందికి తనంతట తనే సర్దుకుంటుంది కూడా. రెండు మూడు నెలలాగి మళ్లీ చేయించమన్నారు, ఈసారి యాంటీ టీపీఓ కూడా కలిపి. మన ఒంట్లో రక్షణ కణాలే థైరాయిడ్ మీద పడుతున్నాయా అన్నది దాంతో తెలుస్తుందట. జపాన్ డాక్టరు హషిమోటో 1912లో మొదట వివరించిన జబ్బు అది.

ఇంకో సంగతి. చిరాకు, కోపం ఎక్కువగా చెప్పేది థైరాయిడ్ అతిగా పనిచేసేవాళ్లకి. నాది మందగించే వైపు. ఇది ఆయనకి రేపు పొద్దున్నే వినిపించాలని గట్టిగా అనుకున్నాను.

అనుకుంటుండగా పెద్దమ్మ గుర్తొచ్చింది.

పెద్దమ్మని ఇంట్లో అందరూ "మొద్దు" అనేవాళ్లు. ఎండాకాలంలోనూ దుప్పటి కప్పుకుని కూర్చునేది. పిలిచిన కాసేపటికి పలికేది, ఆ పలికే గొంతు కూడా బొంగురు. ముఖం ఉబ్బి, వేలి ఉంగరం బిగుసుకుపోయింది. కూర్చుని తినడంవల్ల ఒళ్లొచ్చిందన్నారు. కనుబొమల చివర్లు పలచబడ్డాయి, అది మాత్రం ఎవరికీ కనబడలేదు. పెదనాన్న విసుక్కుంటే ఎదురు చెప్పేది కాదు. "మా అక్క ఓర్పు" అని అమ్మ మెచ్చుకునేది. చివరికి మలబద్ధకానికని వెళితే, ఓ డాక్టరు మడమ వెనక చిన్న సుత్తితో తట్టి చూశాడట. "పాదం కదలడం కదిలింది గానీ, వెనక్కి రావడానికి తీరిక చేసుకుని వచ్చిందే" అని పెద్దమ్మే నవ్వుతూ చెప్పేది. అప్పుడు రాశారు రక్తపరీక్ష. టీఎస్‌హెచ్ వంద దాటింది.

పరగడుపున థైరాక్సిన్ మాత్ర మొదలుపెట్టాక కొన్ని నెలలకి గొంతు తేరుకుంది. దుప్పటి పోయింది. ఉంగరం వదులైంది. ఓ రోజు భోజనాల దగ్గర పెదనాన్న ఏదో సణిగితే, గరిటె కింద పెట్టి ఇంత పొడుగు సమాధానం చెప్పింది. అందరూ అవాక్కయ్యారు. అన్నేళ్ల ఓర్పులో ఎంత పెద్దమ్మదో, ఎంత థైరాయిడ్‌దో ఎవరు చెప్పగలరు?

అందుకే ఆయనకి వినిపించాలనుకున్న పాఠం ఇప్పుడు సగం నీరుగారింది. మందగించే వైపు కోపం ఉండదని నేనెలా చెప్పను? రోజంతా అలసటగా ఉన్న మనిషికి తువ్వాలు కూడా పెద్దదిగానే కనిపిస్తుందేమో. అలాగని 5.8ని వందతో పోల్చుకోవడం మరీ విడ్డూరం. తువ్వాలు ఎలాగూ అక్కడుండకూడదు, అది వేరే విషయం.

అసలు టెన్షన్ ఇప్పుడు పట్టుకుంది. జుట్టు కోసం వదిన ఇచ్చిన బిళ్లలు రోజూ వేసుకుంటున్నానా, ఇందాక డబ్బా తిప్పి చూస్తే దాంట్లో బయోటిన్ అనే బి విటమిన్ బోలెడంత ఉంది. ల్యాబుల్లో వాడే కొన్ని పద్ధతుల్లో బయోటిన్ అడ్డం తగిలి టీఎస్‌హెచ్‌ని ఉన్నదానికంటే తక్కువగా, ఫ్రీ టీ4ని ఎక్కువగా చూపిస్తుంది. పరీక్షకి కనీసం రెండు రోజుల ముందు ఆపాలట. రక్తం తీసినతను పేరడిగాడు, వయసడిగాడు, ఏం మందులు వేసుకుంటున్నారని మాత్రం అడగలేదు. మరి నా 5.8 నిజంగా ఎంత? ఏడా? ఎనిమిదా? ఆ ఫ్రీ టీ4నైనా నమ్మొచ్చా?

రేపు డాక్టరమ్మని అడగాలి. మళ్లీ పరీక్షకి ముందు ఆ డబ్బా ఎటూ ఆపెయ్యాలి. వదిన ఫోన్ చేసినప్పుడల్లా "వేసుకుంటున్నావా?" అని అడుగుతుంది. ఆపేశానంటే ఊరుకోదు, నేనిచ్చినవి నచ్చలేదా అంటుంది. నేను కాస్త విసురుగా జవాబిస్తే ఆయన పక్కనుంచి ఏమంటారో మీకు వేరే చెప్పాలా!