ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ రాసేవాళ్లకు: పర్మిషన్లు నేను ఇలా చదివాను

ఆర్‌హెచ్‌సీఎస్‌ఏకి (లినక్స్ అడ్మిన్‌ల కోసం రెడ్ హ్యాట్ పెట్టే సర్టిఫికేషన్ పరీక్ష) ప్రిపేర్ అయ్యేవాళ్లు చాలామంది పర్మిషన్లను, అంటే ఏ ఫైల్‌ని ఎవరు ఏం చేయొచ్చో చెప్పే అంకెలను, ఒక్క పూటలో ముగించేస్తారు. రీడ్‌కి 4, రైట్‌కి 2, ఎగ్జిక్యూట్‌కి 1. ఓనర్‌కి 7, గ్రూప్‌కి 5, మిగతావాళ్లకి 4 ఇస్తే 754. ఫైళ్ల వరకూ నిజంగానే అంతే. అసలు తిరకాసంతా డైరెక్టరీల దగ్గరే. నా టైమ్ ఎక్కువగా అక్కడే పెట్టాను.

వర్చువల్ మెషీన్‌లో ఒక మామూలు యూజర్‌ని పెట్టుకుని, అతని హోమ్ డైరెక్టరీలో రూట్ (అన్ని అధికారాలూ ఉన్న అడ్మిన్ అకౌంట్) పేరు మీద ఒక ఫైల్ చేసి 600 ఇవ్వండి. ఆ యూజర్ దాన్ని చదవలేడు, మార్చలేడు. కానీ డిలీట్ మాత్రం చేసేస్తాడు! డిలీట్ కమాండ్ ‘ఆర్‌ఎమ్’ ఒకసారి అడుగుతుంది, ‘వై’ కొడితే ఫైల్ పోయినట్టే. ఫైల్ పేరు ఉండేది డైరెక్టరీలో కాబట్టి, డిలీట్‌కి చూసేది డైరెక్టరీ పర్మిషన్లనే. ఇది ఒకసారి కళ్లారా చూస్తే, అందరూ టెంపరరీ ఫైళ్లు పెట్టుకునే /టీఎమ్‌పీ డైరెక్టరీకి 1777 ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేదు. ముందున్న ఆ 1 స్టికీ బిట్. అందరూ రాసుకునే చోట ఒకరి ఫైల్‌ని ఇంకొకరు తీసేయకుండా ఆపేది అదే.

డైరెక్టరీకి ‘ఎక్స్’ (ఎగ్జిక్యూట్) తీసేసి ‘ఆర్’ (రీడ్) ఉంచితే పేర్లు కనిపిస్తాయి, ఒక్క ఫైలూ తెరుచుకోదు. ‘ఎక్స్’ ఉంచి ‘ఆర్’ తీసేస్తే పేర్లు చూపించే ‘ఎల్ఎస్’ కమాండ్ పనిచేయదు గానీ, పేరు తెలిస్తే ఫైల్ తెరవొచ్చు. ఇవి రూట్‌గా ట్రై చేయకండి, రూట్‌కి అన్నీ తెరుచుకుంటాయి.

టీమ్ డైరెక్టరీకి సెట్‌జీఐడీ (లోపల చేసే కొత్త ఫైళ్లకు ఆ డైరెక్టరీ గ్రూపే వచ్చేలా చేసే బిట్) పెట్టడం కూడా ప్రాక్టీస్ చేయండి. ‘సీహెచ్‌జీఆర్‌పీ’తో గ్రూప్ మార్చి 2770 (ముందున్న 2 సెట్‌జీఐడీ) ఇవ్వడం రెండు లైన్ల పని. చెకింగ్ మాత్రం వదలకండి: గ్రూప్‌లోని యూజర్‌గా లాగిన్ అయి ఫైల్ చేసి, దాని గ్రూప్ సరిగ్గా వచ్చిందా చూడాలి. యూమాస్క్ (కొత్త ఫైల్ చేసేటప్పుడు ఏ పర్మిషన్లు తీసేయాలో చెప్పే సెట్టింగ్) 022 ఉంటే ఫైల్ 644తో వస్తుంది, అంటే టీమ్‌లో మిగతావాళ్లు చదవగలరే గానీ మార్చలేరు. 002 అయితే 664.

ఎగ్జామ్ 3 గంటలు, 300కి 210 రావాలి. నెట్ ఉండదు, మ్యాన్ పేజీలు (సిస్టమ్‌లోనే ఉండే కమాండ్ల మాన్యువల్) ఉంటాయి. టెన్షన్‌లో 2770 బదులు 2660 కొట్టారనుకోండి, లిస్టింగ్‌లో గ్రూప్ దగ్గర చిన్న ‘ఎస్’ బదులు పెద్ద ‘ఎస్’ కనిపిస్తుంది. అంటే ఎగ్జిక్యూట్ లేదు, డైరెక్టరీలోకి టీమ్‌లో ఎవరూ వెళ్లలేరు.