మీటింగు ఎన్ని గంటలకు?

మెల్‌బోర్న్‌కు వచ్చి పదకొండేళ్లయింది. వారమంతా ఒక ఆఫీసులో అకౌంట్స్ పని, శనివారం మా అమ్మాయి ఆడే క్రికెట్ క్లబ్బు క్యాంటీన్‌లో డ్యూటీ. సాసేజీలు కాల్చడం, టీ పోయడం, చిల్లర లెక్కపెట్టడం. రెండేళ్లదాకా నా బుర్రకు తట్టలేదు గానీ, క్యాంటీన్‌లో అందరూ అమ్మలే, కమిటీలో అందరూ నాన్నలే.

హనుమకొండ గుర్తొచ్చింది. నేను అక్కడ ఖోఖో ఆడేదాన్ని. ఒక టోర్నమెంటు చివరి రోజు కప్పు గెలిచింది మేమే. మొహాలు కడుక్కుని రమ్మని మా చేతికే పళ్లేలిచ్చారు. వాటిలో శాలువాలు, బొకేలు. వేదిక మీది పెద్దలకు అందించాలి. అక్కడ ఆడమనిషి ఒక్కరూ లేరు. మోకాలి దగ్గర చర్మం లేచిపోయి మంట పుడుతున్నా, పళ్లెం జారకుండా చూసుకోవడమే నా టెన్షన్.

ఇక్కడి వాళ్లు మనకంటే మంచివాళ్లని చెప్పను. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో రాష్ట్రస్థాయి క్రీడా సంస్థల బోర్డుల్లో 2019 నుంచి 40 శాతం మహిళలు ఉండాలన్నారు. 2024 జులై నుంచి, గ్రౌండ్ల వాడకంలో ఆడవాళ్లకు న్యాయమైన వాటా ఇచ్చే పాలసీ లేని స్థానిక కౌన్సిళ్లకు (మన మున్సిపాలిటీల్లాంటివి) రాష్ట్రప్రభుత్వ క్రీడా నిర్మాణ నిధులు రావు. 2027 జులైకల్లా ప్రభుత్వ నిధులు తీసుకునే జాతీయ, రాష్ట్ర సంస్థల బోర్డుల్లో సగం మంది మహిళలు ఉండాలి. డబ్బుతో ముడిపెడితేనే కదిలారు. ఆ గాలి మా చిన్న క్లబ్బుదాకా వచ్చి, ట్రెజరర్‌గా ఉంటావా అని నన్నడిగారు.

లెక్కలు నాకు భయం కాదు. మీటింగే ఇబ్బంది. మంగళవారం రాత్రి 8 గంటలకు, ప్రాక్టీసు అయ్యాక, బీరు గ్లాసులతో. పాపను పడుకోబెట్టాలి, పొద్దున్నే రైలెక్కాలి. ఆదివారం పొద్దున 10కి పెడితే వస్తానన్నాను. ఒకాయన సణిగాడు. పెట్టారు. ఆ ఏడాదే మరో ఇద్దరు అమ్మలు కమిటీలోకొచ్చారు. వాళ్లకు అంతకుముందు ధైర్యం లేక కాదు కదా!

మా చిన్నమ్మ కూతురు పర్వతగిరి వైపు బడిలో పీఈటీ. పక్కనే కల్లెడ. అక్కడి జీవంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చాక ఆడపిల్లలు పిలవకుండానే గ్రౌండుకొస్తున్నారట. నువ్వూ అసోసియేషన్ పోస్టుకు నిలబడవే, 2022లో పీటీ ఉష దేశ ఒలింపిక్ సంఘానికే అధ్యక్షురాలైంది కదా అన్నాను.

"ఉషమ్మకు కారుంటదక్కా. ఇక్కడ మీటింగు రాత్రి 8కి, అదీ హోటల్ల. నాకు ఆఖరి బస్సు ఏడున్నరకే."

మా క్లబ్బు సంగతి చెప్పాను. నవ్వింది. మొన్న వాట్సాప్‌లో రాసింది: "ఆదివారం పొద్దున పెట్టుమని ఆరుగురం సంతకాలు పెట్టి ఇచ్చినం. సెక్రటరీ సార్ చూద్దాం అన్నడు."

మా ప్రెసిడెంటు కూడా మొదట ఆ మాటే అన్నాడు. మూడుసార్లు అన్నాడు.